హంతకుడెవరో ముందు నేనే చెప్పాలి

జూన్ 8, ఆదివారం

ఈ ఆదివారం ఆయన కథ చదవలేదు.

అన్నాలయ్యాక ఎప్పటిలాగే ముందుగదిలో కుర్చీ ఫ్యాను కిందికి లాక్కుని కూర్చున్నాను. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "రమా, నక్కలగుట్ట దాక పోయొస్త, స్టూడియోల పనున్నది," అన్నారు.

"మరి కథ?"

"నిన్న శ్రావణికి చదివి వినిపించిన గదా. ఆ పిల్ల హంతకుణ్ణి పట్టేసింది. మార్చాలె."

కరెంటు బిల్లు కట్టొచ్చాను అన్నంత మామూలుగా అన్నారు ఆ మాట. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నేను ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

హన్మకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల షావుకారు డిటెక్టివ్ కథలు రాస్తాడంటే స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అన్నలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. విక్టోరియా రాణి కాలంలో లండన్ వీధుల్లో తిరిగిన ఆ డిటెక్టివ్‌ని ఈయన ఓడెక్కించి బొంబాయిలో దింపారు. అక్కణ్ణుంచి కొలంబో, ఇప్పుడు పెనాంగ్, తర్వాత రంగూన్ అట. మాటలు తర్జుమా చేయడానికి పక్కన మన మట్టెవాడ మున్షీ పోశయ్య. ఇంట్లో మేం ఆ డిటెక్టివ్‌ని పేరుతో పిలవం, కథల్లో పోశయ్య పిలిచినట్టే దొర అంటాం. ముందు చిన్న చిన్న పుస్తకాలుగా వచ్చేవి. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ వాళ్ల యాప్‌లో వినిపిస్తున్నారు. చదివేది ఆ శ్రావణి.

మా పద్ధతి మాది. దొర "అందరినీ హాల్లోకి పిలవండి" అనే దగ్గర ఆయన ఆపేస్తారు. కళ్లద్దాలు తీసి నా వైపు చూస్తారు. నేను హంతకుడి పేరు చెప్పాలి. సరిగ్గా చెప్పానా, కథ మళ్లీ మొదటికి వస్తుంది. నాకు దొరక్కపోతేనే బయటికి పోతుంది. "నీకు దొరకనోడు ఇంకెవ్వలికీ దొరకడు," అనేవారు. పెళ్లయిన కొత్తలో మొదలైంది ఇది. మా అమ్మాయి మానస పుట్టినప్పుడు దవాఖానలో కూడా చదివారు.

ఇప్పుడు ఆ పిల్ల పట్టేసిందట.

జూన్ 9, సోమవారం

నాకేం అసూయ లేదు. కంపెనీ పని, వాళ్లు చూసుకుంటారు.

జూన్ 12, గురువారం

ఇవాళ ఆమె దుకాణానికే వచ్చింది. ములుగు పిల్ల. కాశిబుగ్గలో గది తీసుకుని ఉంటోందట. సన్నగా ఉంది, చెవులకు ఏమీ లేవు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. గొంతు మాత్రం, ఒప్పుకోవాలి, బాగుంది. మామూలు మాట మాట్లాడినా ఎదుటివాళ్లు వింటూ నిలబడిపోయే గొంతు.

"నమస్తే ఆంటీ. సార్ మీ ముచ్చట ఎప్పుడూ చెప్తాంటరు."

"ఏమని?"

"మీకు తెల్వకుంట ఏ కథా బయటికి రాదంటరు." నవ్వి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పెనాంగ్ కథల ఓడ కెప్టెనే చంపిండని నాకు ఊకెనే తెల్సిపోయింది ఆంటీ. సార్ మొఖం చూడాలె అప్పుడు."

ఆయన గల్లాపెట్టె వెనక నుంచి గట్టిగా నవ్వారు. దుకాణంలో అలా నవ్వగా నేను చూడలేదు. గిరాకీలు కూడా తిరిగి చూశారు.

ఆమె ఒక టిఫిన్ డబ్బా కొనుక్కుంది. దాని మీద పేరు కొట్టే పని ఆయనే చేశారు. ఆ మిషన్ మా పనివాడికి అప్పజెప్పి ఏళ్లయింది, చెయ్యి వణుకుతోందని. ఇవాళ వణకలేదు. 'శ్రావణి' అని కొట్టి, చివర చిన్న పువ్వు కూడా వేశారు. మా ఇంట్లో నా పేరున్న గిన్నెలన్నీ చూశాను సాయంత్రం. ఒక్కదానికీ పువ్వు లేదు.

నేను గిరాకీని చూస్తే చాలు, సామాను ఎవరి కోసమో చెప్పగలను. కూతురి కాపురానికి కొనేవాళ్లు మూతలు తిప్పి తిప్పి చూస్తారు. చుట్టాలకు పెట్టేవాళ్లు అడుగున బరువు చూడరు. ఈ పిల్ల డబ్బా తనకోసమే కొనుక్కుంది. వండిపెట్టేవాళ్లు లేరు. అది తెలిశాక జాలి పడాలి మనిషన్నాక. పడ్డాను, కొంచెం. పువ్వు గుర్తొచ్చాక పోయింది.

జూన్ 15, ఆదివారం

చదివారు. పెనాంగ్ కథ, మార్చింది.

"ఈడ జర సాగిందని శ్రావణి అన్నది, కోసేసిన." "ఈడ వర్ణన వద్దన్నది." ఇలా మధ్యమధ్యలో. నేను వింటున్నది ఆయన కథా, ఆమె అభిప్రాయాలా అర్థం కాలేదు.

అయినా దొరికాడు. ఈసారి హంతకుడు హోటలు నడిపే చైనావాడి అల్లుడు. దొర అందరినీ పిలవకముందే చెప్పేశాను. కొత్త హంతకుణ్ణి పట్టింది నేను, ఆమె కాదు. ఎంత సంతోషమేసిందో. ఆయన ముఖం చూశాను, ఇప్పుడు తల పట్టుకుని "మళ్ల మార్చాల్నా" అంటారని.

"అవునా," అన్నారు. "కానీ రికార్డింగ్ అయిపోయింది రమా. నిన్ననే."

మరి నాకెందుకు చదివినట్టు? ఈ మాట పైకి అనలేదు. మజ్జిగ తెచ్చిచ్చాను.

జూన్ 17, మంగళవారం

వాన. గిరాకీ లేదు. ఆమె ఫోను, అరగంట మాట్లాడారు. దొర గురించేనట.

జూన్ 22, ఆదివారం

రంగూన్ కథ మొదలుపెట్టారు. కొంచెం చదివి వినిపించారు, అదీ నేను అడిగితే.

రంగూన్‌లో బియ్యం మిల్లు ఉన్న ఒక తెలుగు షావుకారు. అతనికి చూపు పోయింది. రోజూ పేపరు చదివి వినిపించడానికి ఒక పిల్లను పెట్టుకున్నాడు. సన్నటి పిల్ల, అనాథ, చెవులకు ఏమీ ఉండవు. ఆమె గొంతు వింటూ షావుకారు లోకాన్ని మరిచిపోతాడట. మున్షీ పోశయ్య కూడా మరిచిపోతాడట. అసలు దొర కూడా ఒకచోట పైపు వెలిగించడం మరిచిపోతాడు.

ఆ పిల్ల నవ్వినప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

"బాగుంది," అన్నాను.

ఇన్ని కథల్లో ఎన్ని ఓడలో, ఎందరు ఆడవాళ్లో. రాణులు, దాసీలు, ఒక సర్కస్ పిల్ల కూడా. స్టీలు గిన్నెను వేలితో తట్టి మందం చెప్పే మనిషి ఒక్కతీ లేదు. నేనెప్పుడూ అడగలేదనుకోండి. ఇప్పుడు కూడా అడగను. ఈ రంగూన్ పిల్లే హంతకురాలైతే మాత్రం నాకు చాలా బాగుంటుంది.

జూన్ 23, సోమవారం

పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. ఎవరు చూస్తారు.

జూన్ 30, సోమవారం

మానస హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న కథలకు ఆఫీసుల అందరు ఫ్యాన్సే. ఆ చదివే అమ్మాయి ఎవరే, సూపర్." నేను పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

జూలై 6, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

రంగూన్ కథ పూర్తిగా చదివారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను. ముందే చెప్పారు, కంపెనీతో ఒప్పుకున్న కథల్లో ఇది చివరిదని. దీన్ని బట్టే కంపెనీ వాళ్లు దొర కథలు ముందుకు పోనిచ్చేదీ ఆపేదీ చూస్తారట. దొరను రంగూన్ నుంచి చైనాలోని కాంటన్ పంపాలని, అక్కణ్ణుంచి జపాన్ పంపాలని ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. ఇంట్లో పాత పటాలు పరిచి ఉంటాయి, తుడవనివ్వరు.

కథలో షావుకారు తాంబూలం వేసుకుని చనిపోతాడు. విషం అతనొక్కడే వాడే సున్నం డబ్బీలో కలిసింది. పళ్లెంలో తమలపాకులు అందరూ తీసుకున్నారు, ఒక్క ఇంగ్లీషు డాక్టరు తప్ప. అతను తాంబూలం వేసుకోడు, వాసన పడదు. తర్వాత ఎక్కడో, చాలా మామూలుగా, డాక్టరు జేబురుమాలు మీద తెల్లటి మరక ఉందని ఒక వాక్యం వచ్చింది.

వక్క ముట్టని మనిషి రుమాలుకు సున్నం ఎందుకంటింది? అంతే. ఇంకేం అక్కర్లేదు. మా ఇంట్లో పనిచేసే మొగిలమ్మను అడిగినా చెప్తుంది.

దొర అందరినీ హాల్లోకి పిలవమన్నాడు. ఈయన కళ్లద్దాలు తీశారు. ఆ చూపు చూసి ఎన్నాళ్లయిందో. నోటిదాకా వచ్చింది, డాక్టరు అని.

అప్పుడు ఆయన, "శ్రావణి అయితే డాక్టర్ అంటాంది," అన్నారు.

నోట్లో మాట అక్కడే ఆగింది. మళ్లీ ఆమే. నాకంటే ముందు, నాకంటే ముందు. ఇప్పుడు నేను డాక్టరంటే, ఆమె మాటే తిప్పి చెప్పినట్టు.

"డాక్టరెందుకు చంపుతడు," అన్నాను. "ఆ పేపరు చదివే పిల్ల. ఆమెనే."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ పిల్లనా?"

"నాకట్లనే అనిపిస్తాంది. శ్రావణిది చిన్న వయసు, ఏదో అంటది. డాక్టరని ఎవ్వలికీ తోచదు. కథ మంచిగున్నది. ముట్టుకోకుండ్రి."

"ముట్టుకోవద్దంటవ్."

"వద్దు."

"సరే," అన్నారు. "నీ మాటే."

జూలై 7, సోమవారం

నా ముందే ఫోన్ చేశారు. "లేదమ్మా, మా ఇంట్ల దొరకలేదు. ఉన్నది ఉన్నట్టే చదివెయ్." అవతల ఆమె ఏదో అంటోంది, గబగబా. ఈయన, "లేదు లేదు, రమకు దొరకలేదంటే దొరకలేదన్నట్టే," అన్నారు.

ఎంత హాయిగా ఉందో. ఇద్దరిలో ఎవరి మాట అనేసరికి నా మాటే నిలిచింది. రాత్రికి సేమియా పాయసం చేశాను. ఆయన కొంచెమే తిన్నారు, ఆకలి లేదట.

జూలై 8, మంగళవారం

అబద్ధం అనడానికి లేదు. నాకు నిజంగానే ఆ పిల్ల మీద కూడా అనుమానం ఉండింది. ఉండిందా? ఉండింది.

జూలై 10, గురువారం

దుకాణంలో పళ్లేలు తుడుస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డారు. "వచ్చే శుక్రవారం రిలీజు. మార్చాలంటే ఇంక టైమున్నది, రమా."

"ఎందుకు మార్చుడు?"

"ఏం లేదు. అడిగిన."

ఆమె ఎక్కిస్తున్నట్టుంది. నేను పళ్లెం తుడుస్తూనే ఉన్నాను.

జూలై 13, ఆదివారం

శ్రావణి నాకే ఫోన్ చేసింది. నంబరు ఎవరిచ్చారో.

"ఆంటీ, ఏమనుకోకండ్రి. సున్నం మరక కాడ అందరికీ తెల్సిపోతది. సార్ నా మాట ఇంటలేరు. మీరు చెప్తే ఇంటరు ఆంటీ. జర చెప్పండ్రి."

"ఆయన కథ ఆయనకు తెల్వదా అమ్మా?"

"తెల్సు ఆంటీ. కానీ ఈ ఒక్కటి పోతే అన్నీ ఆపేస్తరు. సార్ కాంటన్ కథకు ఎంత చదువుతాన్రో మీకు తెల్సు గదా."

నాకు తెలుసట. నా మొగుడి సంగతి నాకు ఆమె చెప్తోంది. "నువ్వు చదివేదానివి, చదువు," అన్నాను. "మంచిది ఆంటీ" అని పెట్టేసింది. అప్పుడైనా ఆమె గొంతు వణికితే బాగుండేది. వణకలేదు.

సాయంత్రం ఆయన, "ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగారు. దేని గురించి అని నేను అడగలేదు. పాలు విరిగాయని చెప్పాను.

జూలై 16, బుధవారం

ఇవాళ చెప్దామని నిజంగా అనుకున్నాను. అనుకుని, ఆయన ఎదురుగా వెళ్లి కూర్చున్నాను కూడా. ఆయన పేపరు దించి నా వైపే చూశారు. అదే సమయానికి ఫోన్ మోగింది. తెర మీద ఆమె పేరు. లేచి వంటింట్లోకి పోయాను.

జూలై 18, శుక్రవారం

వచ్చింది. నేను వినలేదు.

జూలై 19, శనివారం

మానస ఫోన్ చేసి కామెంట్లు చదివింది. నేను వద్దన్నా చదివింది.

"'రుమాలు అనంగనే దొరికిండు.' 'మా నానమ్మ కూడా చెప్పింది డాక్టరని.' 'దొరకు వయసైపోయింది, రిటైరైతే మంచిది.' అమ్మా, నాన్న నీకు చదవలేదా ఈసారి? నువ్వెట్ల పట్టలేదు?"

"నాకు దొరకలేదు," అన్నాను.

"నీకా?" అని నవ్వింది. తర్వాత నవ్వడం ఆపింది.

జూలై 23, బుధవారం

కంపెనీ వాళ్లు ఆపేశారు. దొర రంగూన్‌లోనే ఉండిపోయాడు. శ్రావణిని మాత్రం వాళ్లు వేరే కథలకు తీసుకున్నారు, హైదరాబాద్‌లో. ఆమె గది ఖాళీ చేస్తోందట.

పోతోంది. నేను కోరుకున్నది ఇదే కదా. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే, ఆదివారాలు మావే. ఆయన పటాలు చుట్టి అటక మీద పెట్టమన్నారు. పెట్టాను. గది పెద్దదైనట్టుంది, బాగా లేదు.

జూలై 27, ఆదివారం

అన్నం తిన్నాక ఆయనే మొదలుపెట్టారు. టీవీ చూస్తూ, నా వైపు తిరగకుండా.

"నువ్వా పేపరు పిల్ల పేరు చెప్పినప్పుడే నాకెర్కైంది."

"ఏం ఎర్కైంది?"

"నీకు డాక్టర్ దొరికిండని. సున్నం మరక కాడ నీ చేతిల చిక్కుడుకాయ ఆగింది. నాకు తెల్వదా నీ చెయ్యి ఎప్పుడు ఆగుతదో? ఇన్నేండ్లసంది నీ మొఖం చూసుకుంటనే చదువుతాన."

ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. "తెల్సి మరి ఎందుకు మార్చలేదు? మీ కథను మీరే పాడు చేసుకున్నరు. నా మీద వెయ్యకుండ్రి."

"మారిస్తే ఏమైతది? నువ్వు అబద్ధం చెప్పినవని నేను ఒప్పుకున్నట్టు. ఆ పిల్ల ముంగట నీ మాట తీసేసినట్టు. అది నాతోని కాలేదు." టీవీ కట్టేశారు. "కథ పోతే ఇంకోటి రాసుకోవచ్చు అనుకున్న."

"మరి నాకు చదవకుంట ఆమెకు ముందు చదివినప్పుడు? అప్పుడు నా మాట గుర్తులేదా?"

"రికార్డింగ్‌ల చదివేది ఆమెనే గదా, ఎట్ల చదవాల్నో చెప్పెతందుకు చదివిన, ఆమెకు దొరికింది. నేను పోయి చెవుల వేసింది కాదు." ఆగి, "కానీ ఆ ఆదివారం నీకు చదవాల్సింది. నాకు తోచలేదు. నువ్వూ 'మరి కథ' అన్నవే గని, చదువుమని అడగలేదు."

అడగలేదు. నిజమే. కుర్చీ ఫ్యాను కిందికి లాక్కుని కూర్చోవడం అడగడం కాదా అనుకున్నాను ఇన్నాళ్లూ.

"నువ్వే చెప్తవని చూసిన రమా. రోజూ చూసిన. పళ్లేలు తుడిచేటప్పుడు చూసిన. పాలు ఇరిగినయన్నప్పుడు చూసిన. బుధవారం నాడైతే వచ్చి ముంగటనే కూసున్నవు, ఇగ చెప్తవనుకున్న."

"ఫోను మోగింది," అన్నాను.

"అవును," అన్నారు. "మోగింది."

తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. లేచి చొక్కా వేసుకున్నారు. ఎక్కడికని నేను అడగకముందే, "శ్రావణి బస్సెక్కుతాంది, సామాను ఎక్కిచ్చొస్త," అన్నారు. నేనూ వస్తానని అనొచ్చు. అనలేదు. ఇప్పటికీ ఆమె మీద మండుతూనే ఉంది, ఏం చేయను.

ఆగస్టు 3, ఆదివారం

చదవలేదు. రాయడం లేదట.

ఆగస్టు 6, బుధవారం

దుకాణంలో రాస్తున్నారు. గల్లాపెట్టె మీద, పాత కాగితాల వెనక. నేను చూడనట్టు చూశాను. కాంటన్ అని కనబడింది. ఎవరూ అడగకపోయినా, ఎవరూ వేయకపోయినా రాస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, గిరాకీలు ఉన్నారని లోపలికి పోయాను.

ఆగస్టు 10, ఆదివారం

ఇవాళ చదివారు. నేను అడగలేదు, ఆయనే వచ్చి కూర్చున్నారు. కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కాంటన్‌ది. ఎట్లున్నదో చూడు," అన్నారు.

ఎంత శ్రద్ధగా విన్నానో. చేతిలో ఏ పనీ పెట్టుకోలేదు. కాంటన్ నదిలో పడవల ఇళ్లు, పట్టు వ్యాపారి గోదాములో శవం, మున్షీ పోశయ్యకు తెలియని భాష. పడవవాడి తల్లి మీద నాకు మొదటే అనుమానం వచ్చింది. ఆమె అన్నం ఇద్దరికే వండింది, ఇంట్లో ముగ్గురున్నారు. చచ్చిన ఆ మూడోవాడు తినడానికి రాడని ఆమెకు ముందే తెలుసు. ఎంత బాగా దాచారో ఈసారి. ఆ పేపరు పిల్లలాంటివాళ్లు ఎవరూ లేరు. ఇది నేను కాక ఇంకెవరూ పట్టలేరు. ఈసారి చెప్తాను, ఆయన తల పట్టుకుంటారు, మళ్లీ రాస్తారు, వచ్చే ఆదివారం మళ్లీ చదువుతారు. అన్నీ సర్దుకుంటాయి. పేరు నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను.

దొర "అందరినీ హాల్లోకి పిలవండి" అన్నాడు.

ఆయన ఆపలేదు. కాగితం తిప్పి, అదే గొంతుతో, అదే వేగంతో చదువుకుంటూ పోయారు. అందరూ వచ్చారు, కూర్చున్నారు, దొర అన్నం సంగతి చెప్పాడు, పడవవాడి తల్లి పేరు చెప్పాడు. ఆమె ఏడ్చింది. పోలీసులు తీసుకుపోయారు. ఆయన కాగితాలు సర్ది పక్కన పెట్టారు.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది," అన్నాను.